మాస్కుకు అలవాటుపడే తొలి రోజులు

మోటార్ న్యూరాన్ వ్యాధిలో కండరాలను నడిపించే నాడీకణాలు క్రమంగా క్షీణిస్తాయి. కాళ్లూ చేతులూ బలహీనపడటం అందరి కంటా పడుతుంది గాని, ఛాతీకీ పొట్టకీ నడుమ గొడుగులా పరచుకుని ఉండే డయాఫ్రమ్ అనే కండరం నీరసించడం చాలాకాలం బయటపడదు. కలలు వచ్చే నిద్రదశలో తక్కిన శ్వాస కండరాలు సడలిపోవడంతో ఊపిరి భారమంతా దాదాపు డయాఫ్రమ్ మీదే పడుతుంది. దానికి సత్తువ లేకపోతే శ్వాస పైపైన సాగి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అందువల్ల చాలామందిలో తొలి సూచనలు ఆయాసంగా కాక, ఉదయపు తలనొప్పి, పగటి మగత, పీడకలలు, వెల్లకిలా పడుకోలేకపోవడం వంటి రూపాల్లో వస్తాయి.

ఆక్సిజన్ పెడితే సరిపోదా అని కుటుంబ సభ్యులు అడగడం సహజమే. అయితే ఇక్కడ కొరవడినది గాలిని లోపలికీ బయటికీ కదిలించే బలం. ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ మరింత పెరిగే ప్రమాదం ఉంది. గొంతుకు రంధ్రం చేయకుండానే, మాస్కు ద్వారా, పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడితోనూ వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితోనూ గాలిని అందించే బైపాప్ వంటి యంత్రం ఆ బలాన్ని అరువిస్తుంది. బ్రిటన్‌లో 41 మంది రోగులపై జరిపి 2006లో ప్రచురించిన పరిశోధనలో, మింగే, మాట్లాడే కండరాలు మరీ దెబ్బతినని వారిలో ఈ సహాయం వల్ల మధ్యస్థ ఆయుర్దాయం 205 రోజులు పెరిగింది; జీవన నాణ్యత కూడా మెరుగుపడింది.

ఇంత మేలు చేసే యంత్రాన్ని కొందరు రెండు రాత్రులు వాడి పక్కన పెట్టేస్తారు. దాన్ని మొండితనంగా చూడటం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. చేతులు కదపలేని మనిషి ముఖానికి పట్టీలు బిగించి, తీయమని చెప్పే దారి కూడా లేకుండా చేస్తే భయపడని వారెవరు? కాబట్టి అలవాటు చేయడం రాత్రిపూట కాక, పగటిపూట, కూర్చోబెట్టి మొదలుపెట్టాలి. ముందుగా యంత్రం లేకుండా మాస్కును ముఖానికి ఆనించి చూడనివ్వాలి. తరువాత తక్కువ ఒత్తిడితో గాలి వదిలి, పట్టీలు బిగించకుండా రోగి చేతనే పట్టించాలి; చేతులకు పట్టు లేకపోతే మరొకరు పట్టుకుని, కనురెప్పలు గట్టిగా మూయడం వంటి ఒక సైగను ముందే అనుకుని, ఆ సైగ చేసిన క్షణంలోనే మాస్కు తీసేయాలి. అడగ్గానే తీస్తారన్న నమ్మకం కుదిరాక భయం చాలావరకు తగ్గుతుంది. ఆపైన కొన్ని నిమిషాలు, పగటి కునుకు, చివరికి రాత్రి నిద్ర. ఒత్తిడిని కూడా ఆ క్రమంలోనే పెంచుతూ పోవాలి. రాత్రి వేళకు తలతోనో పాదంతోనో నొక్కగలిగే పిలుపు గంట తప్పనిసరి.

ఇబ్బందులు చెప్పినప్పుడు ఓర్చుకోమనడం కంటే కారణం వెతకడం మేలు. కళ్లు మండుతుంటే మాస్కు పైఅంచు నుంచి గాలి కారుతోందేమో చూడాలి. ముక్కుదూలం ఎర్రబడితే, చర్మం చిట్లకముందే ముక్కు రంధ్రాల వద్ద మాత్రమే ఆనే మరో రకం మాస్కుకు మార్చవచ్చు. నోరు ఎండిపోతే గాలికి తేమ చేర్చే పరికరం ఉంది. పొట్ట ఉబ్బరిస్తే ఒత్తిడి అమరికను వైద్యులు సరిచూస్తారు. లాలాజలం, కఫం మాత్రం అంత తేలికైనవి కావు: నోట్లో లాలాజలం నిలిచి ఉండగా గాలిని నెడితే ఉక్కిరిబిక్కిరి అవుతారు గనుక, లాలాజలాన్ని తగ్గించే మందులు, పీల్చివేసే సక్షన్ యంత్రం, దగ్గుకు బలమిచ్చే యంత్రం ముందుగా సిద్ధం చేసుకోవాలి. ఈ వ్యాధి కొందరిలో ఆలోచననూ ప్రవర్తననూ ప్రభావితం చేస్తుంది; అలాంటి వారికి అదే మనిషి, అదే వేళకు, అవే మాటలతో నేర్పడం ఉపకరిస్తుంది.

వ్యాధి ముదిరేకొద్దీ యంత్రం వాడే గంటలు పగటిలోకీ విస్తరిస్తాయి; అప్పుడు బ్యాటరీతో నడిచే ఏర్పాటు, అదనంగా మరో యంత్రం అవసరమవుతాయి. ఇక చాలు అనే నిర్ణయం కూడా రోగిదే. ఆ సందర్భంలో ఆయాసం, ఆందోళన కలగకుండా ముందుగానే మందులిచ్చి యంత్రాన్ని తొలగించే పద్ధతి ఉందన్న సంగతిని, మాట స్పష్టంగా ఉన్న రోజుల్లోనే రోగితోనూ కుటుంబంతోనూ వైద్యులు మాట్లాడి ఉంచాలి.