నూర్పు మిషను బెల్టు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట, టెక్కలి ప్రాంతాల రైతుల పనిముట్లను చాలాకాలంగా బాగుచేస్తున్నాను. నవంబరు నెలాఖరు నుండి సంక్రాంతి దాటేవరకు నా దగ్గరికి వచ్చే ఫిర్యాదులలో ఎక్కువ భాగం ట్రాక్టరుతో నడిచే నూర్పు మిషను బెల్టుల గురించే ఉంటాయి. బెల్టు జారుతోందని, తిరగబడుతోందని, నెల తిరగకుండానే తెగిపోయిందని చెప్తారు. దాదాపు అందరూ తప్పును బెల్టు మీదే వేస్తారు. నా అనుభవంలో చాలాసార్లు తప్పు బెల్టుది కాదు. పుల్లీలోనో (బెల్టు తిరిగే గాడి చక్రం), బేరింగులోనో, బిగింపులోనో ఉన్న లోపం ముందుగా బెల్టు మీద కనిపిస్తుంది, అంతే. ఈ అవగాహన లేకపోవడం వల్ల వృథా అవుతున్న డబ్బును, కళ్ళంలో పోతున్న పని రోజులను చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: బెల్టు పుల్లీ గాడి అడుగున ఆనుకుని తిరుగుతుంది, కాబట్టి గాడిలోకి ఎంత లోతుగా దిగితే అంత పట్టు.

వాస్తవం: వి-బెల్టు, అంటే పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే బెల్టు, గాడి అడుగును తాకనే కూడదు. దాని పట్టంతా రెండు పక్క గోడల మీదే ఉంటుంది. బరువు పడినప్పుడు బెల్టు ఆ గోడల మధ్యకు మేకులా బిగుసుకుంటుంది. ఆ బిగువు వల్లనే సన్నటి బెల్టు కూడా పొల్లును ఊదేసే పెద్ద ఫ్యానును తిప్పగలుగుతోంది. గోడలు అరిగి బెల్టు కిందికి జారి అడుగును తాకిందంటే బిగుసుకోవడానికి ఇక చోటు ఉండదు, అప్పుడు ఎంత కొత్త బెల్టు వేసినా జారుతూనే ఉంటుంది.

జలుమూరు వైపు నుండి ఒక పెద్దాయన ఒకే సీజనులో మూడుసార్లు వచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు "ఏటి బావూ, ఈ బెల్టుల్లో సత్తువ నేదు" అని బాధపడ్డారు. నేను బెల్టు తీసి పక్కన పెట్టి, ఫ్యాను పుల్లీ గాడిలోకి టార్చిలైటు వేసి చూపించాను. గాడి అడుగు అద్దంలా మెరుస్తోంది. బెల్టు తాకని అడుగు దుమ్ముతో, తుప్పుతో మసకగా ఉండాలి. అది మెరుస్తోందంటే బెల్టు అక్కడే రాసుకుంటోందని అర్థం. తర్వాత గాడి గోడకు ఉక్కు స్కేలు అంచును ఆనించి చూస్తే మధ్యలో వెలుతురు కనిపించింది, అంటే గోడ లోపలికి గుంటపడింది. ఆ గుంట ముప్పావు మిల్లీమీటరు దాటితే పుల్లీని మార్చడమే మందు. ఆయన అప్పటికే మూడు బెల్టులకు డబ్బు పెట్టారు, మార్చవలసింది మాత్రం ఒక్క పుల్లీ.

సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు వంటి సముద్రతీర మండలాలలో ఈ సమస్య మరింత తొందరగా వస్తుంది. ఉప్పు గాలికి పుల్లీలు తుప్పుపడతాయి. ఆరేడు నెలలు ఊరకే నిలబెట్టిన మిషనును ఒక్కసారిగా నడిపితే ఆ తుప్పు గరుకు కాగితంలా బెల్టు పక్కలను కొరికేస్తుంది. సీజను మొదట్లో గాడులను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, పొడి గుడ్డతో తుడవడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట దయచేసి వెచ్చించండి.

అపోహ: బెల్టు జారితే గుగ్గిలం పొడో, సబ్బో, తారో రాస్తే సరిపోతుంది.

వాస్తవం: రాసిన వెంటనే కీచుమనే శబ్దం ఆగుతుంది, అందువల్లనే ఈ నమ్మకం ఇంతకాలం నిలిచింది. కాని ఆ జిగురు మీద ఊక, దుమ్ము పేరుకుని గట్టిపడతాయి, రబ్బరు పాడవుతుంది, ఒకటి రెండు రోజులలో బెల్టు మునుపటి కంటే ఎక్కువగా జారుతుంది. గ్రీజు, డీజిలు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. తిరుగుతున్న బెల్టు మీదికి చేత్తో గుగ్గిలం చల్లడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. భుజం మీది కండువా కొస అందుకుంటే చాలు, చేయి లోపలికి పోతుంది. నూర్పు మిషన్ల వల్ల జరిగే ప్రమాదాలను తగ్గించడానికే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసిందంటే విషయం ఎంత తీవ్రమైనదో ఆలోచించండి. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్న తర్వాతే బెల్టు మూత తీయాలి, పని అయ్యాక మూత తిరిగి బిగించాలి.

అపోహ: బెల్టు ఎంత బిగువుగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: మితిమీరిన బిగువు ముందుగా బేరింగును తింటుంది, ఆ తర్వాత బెల్టును తింటుంది. వదులైతే జారుడు, వేడి. సరైన బిగువుకు పాత లెక్క ఒకటి ఉంది: రెండు పుల్లీల మధ్య బెల్టు పొడవు మీటరు ఉంటే, మధ్యలో నొక్కినప్పుడు సుమారు 16 మిల్లీమీటర్లు, అరవై సెంటీమీటర్లే ఉంటే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. ఎంత బలంతో నొక్కాలన్నది బెల్టు సైజును బట్టి మారుతుంది, కంపెనీ పట్టికలో ఉంటుంది, చిన్న స్ప్రింగు త్రాసుతో చూసుకోవచ్చు. కొత్త బెల్టు మొదటి కొన్ని గంటలలో గాడిలో సర్దుకుని తప్పకుండా కొంత వదులవుతుంది. కాబట్టి వేసిన రోజు సాయంత్రం ఒకసారి, మర్నాడు మరొకసారి చూసి సరిచేయాలి. ఈ రెండో చూపును చాలామంది మరిచిపోతారు.

బెల్టు జారుతోందని చెప్పడానికి శబ్దమే రానక్కరలేదు. చాలా మిషన్లలో పీటీఓ షాఫ్టు (ట్రాక్టరు ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే ఇరుసు) గింజను రాల్చే డ్రమ్మును తిప్పితే, అక్కడి నుండి ఫ్యానుకు, జల్లెడలకు బెల్టులే శక్తిని అందిస్తాయి. ఫ్యాను బెల్టు జారితే గాలి తగ్గి గింజలో పొల్లు, తాలు మిగిలిపోతాయి. అప్పుడు చాలామంది జల్లెడ వాలును, గాలి తలుపును సర్దుతూ కూర్చుంటారు. ధాన్యంలో పొల్లు హఠాత్తుగా పెరిగితే ముందుగా ఇంజను ఆపి, ఫ్యాను బెల్టు మీద జాగ్రత్తగా చేయి వేసి చూడండి. చేయి ఉంచలేనంత వేడిగా ఉంటే జారుడు మొదలైనట్లే.

అపోహ: పాత బెల్టును టేపుతో కొలిచి, ఆ అంకె ఉన్న బెల్టు తెచ్చుకోవచ్చు.

వాస్తవం: మామూలు వి-బెల్టు మీద బి-68 అని ఉంటే, 68 అనేది లోపలి చుట్టుకొలత, అంగుళాలలో. బి రకం బెల్టు పైన 17 మిల్లీమీటర్ల వెడల్పు, 11 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. టేపును పైవైపు చుట్టి కొలిస్తే ఆ మందం వల్ల దాదాపు రెండు ముప్పావు అంగుళాలు ఎక్కువ వస్తుంది. కొలిచినాయన బి-71 అడుగుతాడు, అంగడిలో అదే ఇస్తారు, మిషనుకు తగిలిస్తే బిగించే మరను చివరిదాకా తిప్పినా వదులుగానే ఉంటుంది. అంకె చెరిగిపోతే కొలవకండి, పాత బెల్టునే అంగడికి తీసుకువెళ్ళండి.

అపోహ: పక్కపక్కనే ఉన్న రెండు మూడు బెల్టులలో తెగిన ఒక్కదానిని మార్చితే చాలు.

వాస్తవం: పాతవి సాగి ఉంటాయి కనుక కొత్తది ఒక్కటే బరువంతా మోస్తుంది, తొందరగా తెగుతుంది. జతను జతగానే మార్చాలి.

అపోహ: సైజు కలిస్తే ఏ బెల్టయినా ఒకటే.

వాస్తవం: నూర్పు మిషను విషయంలో ఇది కొంతవరకు నిజం. ట్రాక్టరు పొట్ట కింద అమర్చే గడ్డి కోత యంత్రం విషయంలో అస్సలు నిజం కాదు. ఈ యంత్రాలు మన దగ్గర అరుదు. చిన్న ట్రాక్టరు మధ్య పీటీఓ నుండి, సాధారణంగా నిమిషానికి 2000 చుట్ల వేగంతో ఇవి నడుస్తాయి. బెల్టు మూడు కత్తుల పుల్లీలనూ చుట్టివచ్చి, మధ్యలో బిగువును నిలిపే టెన్షనర్ పుల్లీ మీద వీపు వైపుకు కూడా వంగుతుంది. అలా రెండు వైపులా వంగే బెల్టుకు లోపల అరమిడ్ అనే చాలా గట్టి దారాలు వేస్తారు. పాలియస్టర్ దారాలతో ఉన్న మామూలు బెల్టు అదే సైజులో దొరికినా, ఆ వంపులకు తొందరగా విరుగుతుంది. తోటల యజమానులు ఇటువంటి యంత్రం కొంటే, తయారీదారు పుస్తకంలోని భాగం సంఖ్యను చూసే బెల్టు తెప్పించుకోవాలి.

అపోహ: బెల్టును గునపంతో ఎత్తి గాడిలోకి తోస్తే త్వరగా ఎక్కుతుంది.

వాస్తవం: ఎక్కుతుంది, కాని లోపలి దారాలలో కొన్ని అక్కడే తెగుతాయి. పైకి గీత కూడా కనిపించదు. అటువంటి బెల్టు తిరగడం మొదలయ్యాక గాడిలో పొర్లిపోతుంది, చాలామంది దానిని నాసిరకం సరుకు అనుకుంటారు. మోటారునో, టెన్షనర్‌నో సడలించి, చేత్తో ఎక్కించండి. ఎక్కించాక రెండు పుల్లీల పక్కలకు గట్టి పురికొస తాడును లాగి పట్టి చూడండి. పుల్లీల వెడల్పు సమానంగా ఉంటే తాడు నాలుగు అంచులనూ తాకాలి. ఒక్క అంచు దగ్గర ఖాళీ కనిపించినా పుల్లీ వంకరగా ఉన్నట్లే, బెల్టు ఒక పక్కే అరుగుతుంది.

సీజను ముగిశాక బెల్టును మిషను మీదే బిగువుగా వదిలేయవద్దు. పుల్లీ దగ్గర వంగిన చోట రబ్బరు అదే ఆకారంలో గట్టిపడి, వచ్చే ఏడాది అక్కడే పగులుతుంది. సన్న మేకుకు తగిలించినా ఇదే జరుగుతుంది. బెల్టును తీసి, సబ్బు నీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, ఎండ తగలని గదిలో లావుపాటి కర్రకు వేలాడదీయాలి. ధాన్యం బస్తాలున్న గది మాత్రం వద్దు, ఎలుకలు బెల్టును కూడా కొరుకుతాయి.