బోర్డు బడి గోడ మీద మూడు పేర్లు

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఒక పల్లెలో పాత బడిని పడగొట్టి కమ్యూనిటీ హాలు కట్టాలా, బాగు చేయించాలా అన్న వాదన ఏడాదిగా నడుస్తోంది. దాని ద్వారబంధం పైన వెల్ల రాలిన చోట మూడు పేర్లు తొంగిచూస్తాయి. అడుగున ‘జిల్లా బోర్డు’, దాని మీద ‘పంచాయతీ సమితి’, అన్నిటికంటే పైన ‘మండల పరిషత్’. ఊరివాళ్ల నోట మాత్రం అది నేటికీ బోర్డు బడే.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 చట్టంతో స్థానిక పాలన చూసే జిల్లా బోర్డులు ఏర్పడ్డాయి. అంతకుముందు నుంచీ ఉన్నవి అరుగు బడులు. అయ్యవారి ముందు ఇసుకలో ఓనమాలు దిద్దాలి. ఆ అరుగు ఎక్కే భాగ్యం అన్ని కులాల పిల్లలకూ లేదు. 1920 ప్రాథమిక విద్యా చట్టం తర్వాత బోర్డు బడులు ఊపందుకున్నాయి. ఇదీ ఆ కోవలోదే: రాతి గోడలు, సున్నపు గచ్చు, పెంకుల కప్పు, గంటకు బదులు వేపకొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్క. 1959లో బోర్డుల స్థానంలో సమితులు, 1980ల నడుమ వాటి చోట మండలాలు వచ్చాయి. ప్రతిసారీ పేరు రాయడానికి రంగు దొరికింది, కప్పు మీద పగిలిన పెంకులకు మాత్రం డబ్బు దొరకలేదు.

ఈ బడులకు అసలైన వైభవం రాత్రిళ్లు వచ్చిందంటాను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు పగలు పిల్లలు కూర్చున్న చోటే చీకటి పడ్డాక వాళ్ల తల్లులు పలకలు పట్టారు. కూడికలు నేర్చుకుంటూ, కూలి డబ్బులో సారా అంగడి వాటా ఎంతో లెక్కవేసుకున్నారు. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ అక్షరాస్యతా వాచకంలో పాఠమై ఊరూరా తిరిగింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది.

తర్వాత ఆవరణలో కొత్త గదులు లేచాయి, పాత బడిలోకి అంగన్‌వాడీ వచ్చింది. ఎన్నికలప్పుడు పోలింగు, తుఫానులో గుడిసెలవాళ్లకు నీడ. 2022లో బడుల తరగతులను సర్దిన ప్రభుత్వ ఉత్తర్వు, 117 జీవోతో పై మూడు తరగతులు హైస్కూలుకు తరలడంతో ఖాళీ అయిన కొత్త గదుల్లోకి అంగన్‌వాడీ మారింది. పాత బడికి తాళం పడింది. 2025లో జీవో రద్దయినా తాళం తీయలేదు.

ఇప్పుడు చిక్కు స్థలంతో వచ్చింది. ఒకప్పుడు ఒక రైతు నోటిమాటగా ఇచ్చిన చోటు అది, దస్తావేజు లేదు. రికార్డుల్లో గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ల కోసం ఉంచిన స్థలం అని ఉంది కనుక పంచాయతీ తనదంటోంది. మండల పరిషత్తు వాళ్లు గోడ మీది పేరు చూపిస్తున్నారు. ఆ రైతు మనవలు బడి కోసమైతే సరే, హాలు కోసమైతే మా చోటు మాకివ్వండి అంటున్నారు.