వానకు బిగిసే తలుపు, దాని వెనక లెక్క

ఎండాకాలమంతా సాఫీగా మూసుకున్న తలుపు నాలుగు వానలు పడగానే ద్వారబంధంలో ఇరుక్కుంటుంది. వెంటనే అంచు చిత్రిక పట్టించేస్తాం. మళ్లీ ఎండలు ముదిరేసరికి అదే అంచు దగ్గర వేలెడు సందు! చిత్రిక పట్టేముందు చిన్న లెక్క వేసుకుంటే మంచిది.

పచ్చి కలపలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి: కణాల బోలులో, కణాల గోడల్లో. బోలులోని నీళ్లు ఆరితే బరువు తగ్గుతుందే తప్ప కొలత మారదు. ఎండు చెక్క బరువులో తేమ సుమారు 30 శాతానికి దిగాకే గోడలు ఆరడం, చెక్క కుంచించుకోవడం మొదలవుతాయి. గోడల్లో సెల్యులోజ్ పోగులు దాదాపు నిలువుగా పేర్చి ఉంటాయి. నీటి అణువులు వాటి మధ్య దూరి పక్కలకు నెట్టగలవు గానీ, పోగును సాగదీయలేవు. అందుకే పొడవులో మార్పు నామమాత్రమే.

అడ్డంగా మాత్రం కథ వేరు. పచ్చి టేకు పూర్తిగా ఎండితే మానుగుండె నుంచి బెరడు వైపుకు 2.5 శాతం తగ్గుతుంది, వయసు వలయాల వెంబడి ఏకంగా 5.8 శాతం. దుంగ నెర్రెలివ్వడానికీ, పలక దోనెలా వంగడానికీ మూలం ఈ తేడాయే.

ఆ 5.8ని 30తో భాగించండి: తేమ ఒక్క శాతం మారితే వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. గాలిలో తేమ 40 శాతమైతే చెక్కలో ఎనిమిది శాతం దగ్గర, 80 శాతమైతే పదహారు దగ్గర నిలుస్తుంది. అంటే మీటరు వెడల్పు పలక ఒకటిన్నర సెంటీమీటర్లు ఉబ్బుతుంది! అంత తలుపు ఏ ద్వారబంధంలోనూ పట్టదు. అందుకే వడ్రంగి చట్రం కట్టి, మధ్య పలకను జిగురూ మేకూ లేకుండా గాడిలో వదులుగా కూర్చోబెడతాడు. పలక గాడిలోనే ఆడుకుంటుంది. అడ్డకమ్మీల పొడవు మారదు కాబట్టి, తలుపు వెడల్పు పెరిగేది రెండు నిలువు కమ్మీల వల్లే. ఒక్కొక్కటి పది సెంటీమీటర్లయితే మొత్తం మూడు మిల్లీమీటర్లు. ఆ సందు ముందే వదిలితే చాలు.

తలుపుకు ఈ లెక్క సరిపోతుంది. పగుళ్లను ముందే పసిగట్టాలంటే మాత్రం చాలదు. పైపొర ముందు ఆరి కుంచించుకోబోతుంది, ఇంకా తడిగా ఉన్న లోపలి చెక్క దాన్ని పట్టి ఆపుతుంది; ఆ గుంజులాటలో పైపొర చీలుతుంది. అందుకే కంప్యూటర్‌లో చెక్కను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో తేమ ఎంత వేగంగా కదులుతోందో లెక్కకడతారు. పైగా ఇంకో చిక్కుంది: గాలిలో తేమ ఒకటే అయినా, ఆరుతున్న చెక్కలో నీరు కాస్త ఎక్కువ, తడుస్తున్న చెక్కలో కాస్త తక్కువ ఉంటుంది. అంటే గాలిలో తేమ ఎంతో చెబితే చాలదు, ఆ చెక్క నిన్నటిదాకా ఎలాంటి గాలిలో ఉందో కూడా మోడల్‌కు చెప్పాలి.