రాయి పగిలితే సిగ్నల్ వస్తుంది, అది నిజమే. భూకంపం ముందు కూడా వస్తుందా?

ఎక్కడ భూకంపం వచ్చినా మర్నాటికల్లా వాట్సాప్‌లో ఒకటి తిరగడం మొదలవుతుంది, భూమి పగిలేముందు అయస్కాంత సిగ్నల్స్ వస్తాయంట, సైంటిస్టులు పట్టించుకోరంట అని. పట్టించుకోకపోవడం ఏంటి, నలభై ఏళ్లుగా దీని మీదే కొట్టుకుంటున్నారు వాళ్లు.

ల్యాబ్‌లో గ్రానైట్ ముక్కని ప్రెస్ కింద పెట్టి నొక్కితే పగులు వచ్చేటప్పుడు చిన్న చిన్న రేడియో పల్సులు వస్తాయి, ఇందులో అబద్ధం లేదు. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని క్యూరీ అన్నదమ్ములు 1880లోనే చూపించారు (మన గ్యాస్ లైటర్ టిక్కుమనగానే నిప్పురవ్వ వచ్చేది కూడా అలాంటి పనివల్లే). చిక్కు ఎక్కడంటే భూకంపం పుట్టేది కిలోమీటర్ల లోతులో, ఆ పల్సుల్ని మధ్యలో ఉన్న తడి రాళ్లే మింగేస్తాయి, పైదాకా రాగలిగేవి ఏమైనా ఉంటే చాలా స్లోగా ఊగే తరంగాలే.

1980ల్లో గ్రీస్‌లో వరోట్సోస్ అనే సైంటిస్టు టీమ్ నేలలో ఎలక్ట్రోడ్లు పాతి, కరెంటులో మార్పులు చూసి భూకంపాలు ముందే చెప్తున్నాం అంది, అవి ఫ్యాక్టరీల కరెంటు వల్ల వచ్చే నాయిస్ అని మిగతావాళ్లు కొట్టిపారేశారు.

అసలు ఊపు వచ్చింది మాత్రం కాలిఫోర్నియాలో. 1989 అక్టోబర్ 17న లోమా ప్రియెటా భూకంపం, తీవ్రత 6.9, 63 మంది పోయారు. కేంద్రానికి 7 కిలోమీటర్ల దూరంలో కొరలిటోస్ అనే చోట స్టాన్‌ఫోర్డ్‌కి చెందిన ఫ్రేజర్-స్మిత్ పెట్టిన అయస్కాంత సెన్సర్ ఒకటి ఉంది, భూకంపాల కోసం కాదు, ఊరికే సహజంగా ఉండే నాయిస్ కొలవడానికి. తర్వాత డేటా తీసి చూస్తే 12 రోజుల ముందే సిగ్నల్ పెరిగింది, చివరి మూడు గంటల్లో అయితే ఒక్కసారిగా ఎగిసింది, ఆ తర్వాత భూకంపానికి కరెంటే పోయింది. 1990లో పేపర్ వచ్చాక ప్రపంచమంతా సెన్సర్లు పాతడం మొదలెట్టారు, ఫ్రాన్స్ అయితే ఇలాంటి సిగ్నల్స్ వెతకడానికి 2004లో డెమెటర్ అనే శాటిలైటే పంపింది.

అదే 2004 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోనే ఉన్న పార్క్‌ఫీల్డ్‌లో 6.0 భూకంపం వచ్చింది. అక్కడ మెషిన్లు ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాయి, నమ్మదగ్గ సిగ్నల్ ఒక్కటీ దొరకలేదు. 2009లో థామస్, లవ్, జాన్‌స్టన్ అనే సైంటిస్టులు కొరలిటోస్ డేటాని వేరే అయస్కాంత కేంద్రాల రికార్డులతో పోల్చి చూసి, అది సెన్సర్ సిస్టమ్‌లో తేడా వల్ల వచ్చి ఉంటుందన్నారు. నాకైతే వాళ్ల వాదనే బలంగా అనిపిస్తుంది, కానీ ఆ రోజు ఆ పక్కనే ఇంకో సెన్సర్ ఉండుంటే ఇరవై ఏళ్ల గొడవ ఏడాదిలో తేలిపోయేది.