అభిమాని ఊహ అసలు కథైతే పేరెవరికి?

సినిమాకు సీక్వెల్ వచ్చిన ప్రతిసారీ, ఆ కథ ముందే ఊహించింది మేమేనంటూ అభిమానులు రేపే గొడవే ఈ వారం మళ్లీ రేగింది. నెల్లూరు ట్రంకు రోడ్డు టీకొట్ల దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ చేతులు మారుతోంది. మొదటి భాగం ఆడుతున్న రోజుల్లో కుర్రాళ్లు రాసుకున్నది. విలన్ చిన్నతనం, ఊరొదిలిన కారణం, తల్లి బతికే ఉందన్న మలుపు, అన్నీ నీలం ఇంకులో ఉన్నాయి. రెండో భాగంలో ఇంచుమించు అదే కథ. నిర్మాతల వైపు జవాబు ఒక్కటే: బయటివాళ్ల కథలు మేం చదవం.

ఒకప్పుడు చదివేవారు. 1966లో మొదలైన అమెరికా టీవీ సీరియల్ స్టార్ ట్రెక్‌లో సులు అనే పాత్రకు ఏళ్ల తరబడి ఇంటిపేరే గానీ సొంత పేరు లేదు. 1981లో వోండా మెకింటైర్ తన నవలలో 'హికారు' అని పెట్టారు. 1991 సినిమా షూటింగ్ చూడబోయిన మరో నవలా రచయిత పీటర్ డేవిడ్ ఆ పేరు వాడమని అక్కడే దర్శకుణ్ణి ఒప్పించాడు. అందులోనే మరో పాత్ర ఉహురాకు 'న్యోటా' అని పెట్టింది విలియం రాట్స్‌లర్. అభిమానుల పత్రికలకు బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్న మనిషి. 1982 నాటి ఆ పేరు తెరమీదికొచ్చేసరికి 2009 అయింది.

తలుపు మూసుకున్నది 1990లలో, బాబిలాన్ 5 అనే మరో అమెరికా టీవీ సీరియల్‌తో అని నా అభిప్రాయం. దాని సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ అభిమానులతో నేరుగా మాట్లాడేవాడు. శిక్షగా జ్ఞాపకాలు చెరిపేసిన హంతకుడికి తన గతం తెలిసిపోతే? అని ఒక అభిమాని ఊహించాడు. ఆయన దగ్గరా అదే కథ ఉంది. కేసు పడుతుందేమోనని టెన్షన్. స్క్రిప్టు పక్కన పెట్టేశాడు. చివరికి ఆ అభిమానే తనకు అభ్యంతరం లేదని సంతకం చేసిచ్చాడు, 1995లో ఎపిసోడ్ వచ్చింది. అంతకుముందే, 1992 ప్రాంతంలో, అమెరికా రచయిత్రి మేరియన్ జిమ్మర్ బ్రాడ్లీ ఒక అభిమానితో వచ్చిన ఇలాంటి తగాదాలోనే రాస్తున్న నవల వదిలేసింది. అప్పట్నుంచి చదవకపోవడమే క్షేమమని రచయితలకు లాయర్లు నూరిపోశారు.

మన చట్టం కూడా కుర్రాళ్లకు పెద్దగా అక్కరకు రాదు. ఊహకు కాపీరైటు లేదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుందని నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. నిర్మాతలు పట్టుకున్నదీ ఈ తీర్పునే.

కానీ పేరు చెప్పడానికి చట్టం అడ్డొస్తుందా? అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానంలోని ఎర్రన, నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని నన్నయే రాశాడన్నట్టు పూర్తిచేసి, రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు. అయినా చివర, పూరించింది తానేనని పద్యంలో చెప్పుకున్నాడు. దానివల్ల నన్నయకు వచ్చిన లోటేమీ లేదు.

కుర్రాళ్లు డబ్బు అడగట్లేదు. ఓటీటీలోకి వచ్చే ప్రింటులో, కృతజ్ఞతల కార్డులో ఒక్క లైను చాలంటున్నారు. నోట్‌బుక్ పేజీల జిరాక్సులు స్పీడ్ పోస్టులో నిర్మాణ సంస్థకు పంపారు. మూడో భాగం కథాచర్చలు మొదలయ్యేలోపే తేల్చమని వాళ్ల పట్టు.