ఊల్ టోపీనా, ఫర్ టోపీనా? హన్మకొండ షాపులో రోజూ వినే అపోహలు – వాస్తవాలు

మన దగ్గర గొర్రె ఒంటి మీద ఉన్నదీ బొచ్చే, కుందేలు ఒంటి మీద ఉన్నదీ బొచ్చే. అందుకే టోపీలు చేసే ఫెల్ట్ అనే దళసరి బట్టను చూపించి "ఇది ఊల్ (గొర్రె ఉన్ని) ఫెల్ట్, అది ఫర్ (కుందేలు లాంటి వాటి నూగు) ఫెల్ట్" అనగానే షాపుకొచ్చినవాళ్లు తికమక పడతారు. రెండూ బొచ్చే అయినప్పుడు ఒకదాని ధర ఇంకోదానికి ఎన్నో రెట్లు ఎందుకుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న.

నేను దుబాయ్‌లో టోపీల రిపేరు షాపులో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చి హన్మకొండలో చిన్న షాపు పెట్టుకున్నాను. కొత్త టోపీలు అమ్మేది తక్కువ. పాతవి శుభ్రం చేసి, మళ్లీ చెక్క అచ్చుకు ఎక్కించి ఇచ్చేదే ఎక్కువ. అమెరికా నుంచి కొడుకు తెచ్చిన టోపీలు, ప్రీ వెడ్డింగ్ షూట్‌కు కొన్న టోపీలు, రిటైరయ్యాక పొద్దున వాకింగ్‌కు పెట్టుకునే టోపీలు నా చేతికి వస్తాయి. సగం టోపీలు పాడైపోయాకే వస్తాయి, అదే నా బాధ. కొనేముందు నాలుగు విషయాలు తెలిసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ముందు ఒక మాట. వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలో పోగులుంటాయి, గొంగడిలో పోగులుంటాయి. ఫెల్ట్‌లో పోగులుండవు, నేత ఉండదు. వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడినీళ్లు, తడి, రాపిడి తగిలితే ఒక వెంట్రుక ఇంకోదానిలోకి పాకి, పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుంటాయి. అలా చిక్కుపడింది మళ్లీ విడిపోదు. ఫెల్ట్ బలమూ అదే, బలహీనతా అదే.

అపోహ: ఫర్ ఫెల్ట్ అంటే జంతువు తోలుతో కుట్టిన టోపీ.

వాస్తవం: తోలు ఎక్కడా ఉండదు, లోపల చెమట కోసం కుట్టే పట్టీలో తప్ప. కుందేలు, అడవి చెవులపిల్లి (హేర్), చలిదేశాల్లో నీళ్ల ఒడ్డున బతికే బీవర్ లాంటి జంతువులకు పైన కనిపించే గరుకు వెంట్రుకల కింద మెత్తటి నూగు ఉంటుంది. తోలు నుంచి ఆ నూగును వేరు చేసి, గాలికి ఎగరేసి, చిల్లులున్న పెద్ద రాగి శంకువు మీదికి లోపలి నుంచి గాలి పీల్చుతూ పొరలా పట్టిస్తారు. పైన వేడినీళ్లు చల్లుతారు. అప్పుడది తల మీద పెట్టే సైజు కంటే చాలా పెద్దగా, ముట్టుకుంటే చెదిరిపోయేలా ఉంటుంది. దాన్ని వేడినీళ్లలో చుట్టి, నొక్కి, మళ్లీ మళ్లీ కుదించుకుంటూ వస్తారు. ఎంత కుదిస్తే అంత గట్టి.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. గొర్రె ఉన్ని కత్తిరించాక గొర్రె మందలోకి వెళ్లిపోతుంది. కుందేలు నూగుకు కుందేలు చావాలి. మాంసం కోసం పెంచిన కుందేళ్ల తోళ్లనే చాలావరకు వాడతారు కానీ, ఇంట్లో దానికి పట్టింపు ఉంటే ఊల్ టోపీ తీసుకోండి. ఈ మాట ఎవరూ అడగకముందే నేను చెప్తాను.

పాదరసం భయం కూడా కొందరికి ఉంది. నూగు బాగా చిక్కుకోవడానికి వెనకటి రోజుల్లో పాదరసం నైట్రేట్ పూసేవాళ్లు. ఆ ఆవిరి పీల్చిన కార్మికులకు చేతులు వణికేవి, మతి చెదిరేది. అమెరికాలో టోపీల పట్టణమైన డాన్‌బరీలో ఆ వణుకుకు ఊరిపేరే పెట్టారు. 1941లో అక్కడ టోపీల తయారీలో పాదరసం ఆగిపోయింది, ఇప్పుడు వేరే రసాయనాలు వాడతారు. కొత్త టోపీతో ఆ భయం అక్కర్లేదు. తాతముత్తాతల కాలం నాటి ఫర్ టోపీ దొరికితే మాత్రం తల మీద పెట్టకండి, అద్దాల బీరువాలో పెట్టండి.

అపోహ: ఫర్ అంటే మంచిది, ఊల్ అంటే నాసిరకం.

వాస్తవం: ఇదే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే మాట. మెరినో అనే జాతి గొర్రెల మంచి సన్నటి ఉన్నితో, గట్టిగా కుదించి చేసిన ఊల్ టోపీ, చవకగా పలచగా చేసిన ఫర్ టోపీ కంటే ఎక్కువ కాలం ఉండడం నేను చేత్తో చూశాను. ఏ జంతువు అనేది ఒక్కటే లెక్క కాదు. ఎంత బాగా కుదించారు, ఎంత గంజి పెట్టారు, అంచు ఎలా కోశారు అనేవి చూడాలి.

అయినా రెండింటికీ తేడా ఉంది. కుందేలు నూగు ఉన్ని కంటే సన్నం. సన్నటివి ఒకదాన్నొకటి దగ్గరగా పట్టుకుంటాయి కాబట్టి ఫర్ ఫెల్ట్ పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది, బరువు తక్కువ. అదే గట్టిదనం రావాలంటే ఊల్ ఫెల్ట్‌ను మందంగా చేయాలి, గంజి ఎక్కువ పెట్టాలి. గంజి అంటే మన అన్నం గంజి కాదు. ఫర్ టోపీలకు పాతకాలం నుంచీ వాడేది లక్క. మన మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద పెరిగే లక్క పురుగు ఇచ్చేదే. హైదరాబాద్ లాడ్ బజార్ గాజుల్లో ఉండేదీ, స్పిరిట్‌లో కరిగించి ఇటలీ టోపీకి పట్టించేదీ ఒకటే లక్క. చవక ఊల్ టోపీల్లో నీళ్లకు కరిగే గంజి పెడతారు. షాపులో అట్టలా నిలబడిన అంచు మొదటి వానకే చెవిలా వేలాడేది అందుకే.

కొనేటప్పుడు ఇలా చూడండి. అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా వంచి వదిలేయండి. మంచిదైతే ముడత పడకుండా వెనక్కి వస్తుంది. తర్వాత బొటనవేలితో ఒక్క చోటే పది సార్లు రుద్దండి. ఉండలు లేస్తే వద్దు. వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి, కొన్ని చోట్ల పలచగా, కొన్ని చోట్ల మందంగా కనిపిస్తే అది ఫర్ అయినా వద్దు. లోపల పట్టీ తోలుదా, ప్లాస్టిక్‌దా చూడండి. ప్లాస్టిక్ పట్టీ పెట్టినవాళ్లు మిగతా పనిలో శ్రద్ధ పెట్టారంటే నేను నమ్మను.

లోపల ముద్రించిన ఎక్స్ గుర్తులు చూసి మోసపోకండి. అవి ఎన్ని ఎక్కువుంటే బీవర్ నూగు అంత ఎక్కువని చాలామంది అనుకుంటారు. దానికి అందరికీ కలిపి ఒక కొలత లేదు. ఒక కంపెనీ పది ఇంకో కంపెనీ ఇరవైకి సమానం కావచ్చు. ఒకే కంపెనీ టోపీల్లో ఏది పైరకం, ఏది కిందిరకం అని తెలుసుకోవడానికే అవి పనికొస్తాయి.

లక్నవరం చెరువు దగ్గర ఒక్కరోజు ఫొటో షూట్ కోసమైతే ఊల్ టోపీ చాలు, ఫర్ మీద డబ్బు పోయకండి. చలికాలం పొద్దున రోజూ పెట్టుకుని పదేళ్లు వాడాలనుకుంటే మాత్రం ఫర్ టోపీకి పెట్టిన డబ్బు వృథా కాదు. దాన్ని మళ్లీ మళ్లీ ఆవిరి పట్టి అచ్చుకు ఎక్కించవచ్చు. ఊల్ టోపీ అన్నిసార్లు తట్టుకోదు.

అపోహ: కాల్చి చూస్తే ఊలా ఫరా తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. రెండూ వెంట్రుక కాలిన వాసనే వస్తాయి, రెండూ నలిపితే బూడిదవుతాయి. కాల్చి చూస్తే తెలిసేది ఒక్కటే, పాలిస్టర్. అది కరిగి గట్టి ముత్యంలా ముద్ద కడుతుంది. ఫెల్ట్ అని అమ్మే చవక టోపీల్లో చాలా పాలిస్టర్‌వే. పట్టీ కింద నుంచి చిటికెడు పీకి కాల్చి చూడండి, అంతకుమించి అక్కర్లేదు.

అపోహ: ఉన్నిదే కదా, గొంగడిలాగే ఏం చేసినా తట్టుకుంటుంది.

వాస్తవం: పోయిన సంక్రాంతి తర్వాత ఐనవోలు దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. భుజం మీద నల్ల గొంగడి, చేతిలో మనవడి ఊల్ టోపీ. కోడలు దాన్ని వాషింగ్ మెషిన్‌లో వేసింది. బయటికి తీసేసరికి అది నా పిడికిలి మీద నిలబడేంత అయింది, మందంగా, రాయిలా.

"బిడ్డా, నా గొంగడి ముప్పై ఏండ్ల సంది వానల తడుస్తాంది, ఎండల ఎండుతాంది. దానికేం గాలె. గీ టోపీ ఒక్కసారికే గిట్లెందుకైంది? ఇదీ గొర్రె బొచ్చేనాయె" అన్నాడు.

మాటలతో చెప్పడం కంటే చూపిద్దామనిపించింది. "తాతా, నీ గొంగడి కొస నుంచి చిటికెడు బొచ్చు ఇయ్యి" అని తీసుకున్నాను. నా దగ్గరున్న మెరినో ఉన్ని ఇంకో చిటికెడు తీశాను. రెండింటినీ సబ్బు కలిపిన వేడినీళ్లలో ముంచి చెరో అరచేతిలో ఒకటి పెట్టాను. ఇద్దరం బొటనవేలితో గుండ్రంగా రుద్దుకుంటూ కూర్చున్నాం. నా చేతిలో మెరినో కొద్దిసేపటికే శనగగింజంత గట్టి ఉండ అయింది, లాగినా విడిపోలేదు. ఆయన చేతిలో గొంగడి బొచ్చు తడిసి వదులుగానే ఉండిపోయింది, ఊదితే విచ్చుకుంది. చాలాసేపు ఆ రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

మన దక్కని గొర్రె ఉన్ని ముతక. మెరినో వెంట్రుక మందం 24 మైక్రాన్ల లోపే ఉంటుంది, మన తల వెంట్రుకలో మూడో వంతు. దక్కని ఉన్ని అంతకంటే చాలా లావు, గరుకు వెంట్రుకలు కలిసి ఉంటుంది. అది అంత తేలిగ్గా చిక్కుకోదు. అందుకే దాన్ని వడికి, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి గొంగడి చేశారు మన కురుమలు. వానకూ చలికీ నిలబడే బట్ట అది. ఆ ఉన్నితో టోపీ ఎందుకు చేయరని నన్ను చాలామంది అడుగుతారు. ఫెల్ట్ టోపీకి అది పనికిరాదు. నేసి కుట్టిన టోపీకి చక్కగా పనికొస్తుంది. కానీ మందల్లో ఇప్పుడు నెల్లూరు జాతి గొర్రెలు ఎక్కువయ్యాయి, వాటికి ఉన్నే ఉండదు. గొంగడి నేసే ఇళ్లు తగ్గిపోతున్నాయి. టోపీల పని చేసేవాడిగా ఆ సంగతి నన్ను కలవరపెడుతుంది.

పెద్దాయన టోపీని ఆవిరి పట్టి, సాగదీసే అచ్చు మీద రెండు రోజులుంచితే ఒక సైజు పెరిగింది. అంతకంటే పెరగదు. ఆ మాట ముందే చెప్పాను, డబ్బు తీసుకోలేదు.

అపోహ: తడిసిన టోపీని ఎండలో పెడితే తొందరగా ఆరిపోతుంది.

వాస్తవం: ఆరిపోతుంది, చిన్నదైపోతుంది కూడా. ఫర్ టోపీ అయినా అంతే. నిజానికి "టోపీ బిగుతైంది అన్నా" అని వచ్చేవాటిలో చాలావాటికి ఫెల్ట్ బాగానే ఉంటుంది, లోపలి తోలు పట్టీ వేడికి ముడుచుకుని మొత్తాన్ని లోపలికి లాగుతుంది. తడిస్తే నీళ్లు దులిపి, పట్టీని బయటికి తిప్పి, టోపీ పైభాగం కింద ఆనేలా తలకిందులుగా నిలబెట్టి ఫ్యాన్ గాలి నేరుగా తగలని నీడలో వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఇస్త్రీ పెట్టె అసలే వద్దు. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారులో టోపీ వదిలేస్తే లక్క మెత్తబడి అంచు ఒంగిపోతుంది. ఆ ఒంపు పోవాలంటే మళ్లీ నా దగ్గరికే రావాలి.

ఇక ఎండాకాలం ఏ ఫెల్ట్ మంచిదని అడిగితే, ఏదీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి టోపీయో, నూలు టోపీయో పెట్టుకోండి.

అపోహ: నూనె మరక పెట్రోల్‌తో పోతుంది.

వాస్తవం: మరక వెడల్పవుతుంది, రంగు పోతుంది, వాసన మిగులుతుంది. మన దగ్గర టోపీకి పెద్ద శత్రువు వాన కాదు, తలనూనె. కొబ్బరినూనె రాసుకున్న తల మీద నేరుగా పెట్టుకుంటే అది పట్టీని దాటి ఫెల్ట్‌లోకి పాకుతుంది, దాని మీద దుమ్ము చేరి నల్లటి వలయం వస్తుంది. మరక కొత్తదైతే కార్న్‌ఫ్లోర్ దట్టంగా చల్లి రాత్రంతా వదిలి పొద్దున బ్రష్‌తో దులపండి. రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు. బ్రష్ మెత్తటిది కావాలి, నూగు ఉన్న దిక్కుకే పోవాలి, అంటే గడియారానికి ఎదురు తిప్పుతూ. నల్ల టోపీకి, తెల్ల టోపీకి వేరువేరు బ్రష్‌లు ఉంచుకోండి. అన్నిటికంటే తేలిక, నూనె రాసుకున్న రోజు టోపీ పెట్టుకోకపోవడం.

అపోహ: పురుగు ఊల్ టోపీకే పడుతుంది.

వాస్తవం: పురుగుకు ఊల్, ఫర్ తేడా తెలియదు, రెండూ దానికి తిండే. చెమట, నూనె అంటుకున్న చోటంటే ఇంకా ఇష్టం. కాబట్టి శుభ్రం చేయకుండా దాచొద్దు. పాలిథిన్ కవర్‌లో బిగించి అటక మీద పెడితే వానాకాలం తేమకు బూజు పడుతుంది. అట్టపెట్టెలో, లోపల కాగితం కూరి పెట్టండి. పురుగు పడిందని అనుమానమొస్తే గాలి పోని కవర్‌లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో కొన్ని రోజులుంచండి, బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవర్ విప్పకండి. జూన్‌లో తొలి వానలకు ముందు నేను షాపులోని టోపీలన్నీ దించి ఒక్కోదాని పట్టీ వెనక్కి మడిచి చూస్తాను. పురుగు ముందు చేరేది ఆ చీకట్లోకే.