చెరువు మట్టికి కార్బన్ డేటింగ్: అపోహలు - వాస్తవాలు

ఎండకాలం వచ్చి చెరువులు అడుగంటితే చాలు, రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. ఒకటి పరిశోధక విద్యార్థులది: "సార్, శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే నేలలో) నల్లమట్టి తీసి పెట్టినం, కార్బన్ డేటింగ్‌కు పంపితే చెరువు ఎప్పటిదో తెలుస్తది కదా?" రెండోది ఊరివాళ్లది: "వీళ్లు మట్టిల ఏం దేవులాడుతున్నరు, మా భూములకేమన్నా అయితదా?" ముందుగా మొదటిదాని సంగతి. ఏటా ఫెలోషిప్ డబ్బులూ థీసిస్ గడువులూ ఎక్కువగా పోయేది అక్కడే.

అపోహ: పిడికెడు నల్లమట్టి పంపితే ల్యాబు చెరువు వయసు చెప్పేస్తుంది.

చెప్పదు. మీ సంచిలో ఉన్న కార్బన్‌లో రేడియోకార్బన్ (చెట్టో జీవో చచ్చాక ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోయే రకం కార్బన్) ఎంత మిగిలిందో యంత్రం లెక్కపెడుతుంది, అంతవరకే దాని పని. ఆ కార్బన్ చెరువు కట్టిననాటి గడ్డిదా, ఎగువ చెల్కల నుంచి కొట్టుకొచ్చిన పాత మట్టిదా, నిన్నటి వేరుదా అన్నది యంత్రానికి తెలియదు. చెరువు మట్టిలో ఈ మూడూ కలిసే ఉంటాయి. అందుకే మట్టిని మట్టిగానే పంపితే వచ్చేది ఒక సగటు. అది చాలాసార్లు అసలు వయసు కంటే పాతదిగానే కనిపిస్తుంది.

మన ప్రాంతంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. భూపాలపల్లి, రామగుండం, మందమర్రి వైపు పరీవాహకంలో గోండ్వానా శిలలు (రాక్షసి బొగ్గు పొరలుండే పాత రాళ్లు) ఉన్న చెరువుల్లోకి రాక్షసి బొగ్గు పొడి, నల్ల షేల్ రవ్వలు చేరతాయి. అవి కోట్ల ఏళ్ల నాటివి, వాటిలో రేడియోకార్బన్ బొత్తిగా ఉండదు. దీన్నే చచ్చిన కార్బన్ అనుకోండి. నమూనాలో అది 1 శాతం కలిస్తే వయసు దాదాపు 80 ఏళ్లు పెరుగుతుంది, 5 శాతమైతే 410 ఏళ్లు, 10 శాతమైతే 850 ఏళ్లు. అంటే 10 శాతం కలిసినా చాలు, గణపతిదేవుడి కాలం నాటి చెరువు క్రీ.శ. నాలుగో శతాబ్ది దాకా వెనక్కి పోతుంది. పత్రికలో వార్త కూడా వస్తుంది.

వాతావరణ చరిత్రకు ఈ తప్పు ఇంకా ప్రమాదం. దక్కన్‌లో 1396 నుంచి ఏళ్ల తరబడి సాగిందని చరిత్రకారులు చెప్పే దుర్గాదేవి కరువు మీ చెరువులో ఒక ఎండిన పొరగా దొరికిందనుకుందాం. 5 శాతం చచ్చిన కార్బన్ కలిస్తే ఆ పొర పదో శతాబ్ది చివరికి జరుగుతుంది. అప్పుడు లేని కరువు ఒకటి పుడుతుంది, ఉన్న కరువు మాయమవుతుంది.

యాసిడ్ కడుగుడుతో అదంతా పోతుందని చాలామంది ధీమా. ల్యాబులో ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తర్వాత సోడియం హైడ్రాక్సైడ్, మళ్లీ ఆమ్లం పోస్తారు. మొదటిది సున్నపు పదార్థాన్ని తీసేస్తుంది, రెండోది ఆకులలములు కుళ్లి మట్టిలో ఊరి దిగిన హ్యూమిక్ ఆమ్లాలను కరిగిస్తుంది, మూడోది క్షారం పనిలో గాలి నుంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడును వదిలిస్తుంది. రాక్షసి బొగ్గు రవ్వ ఈ మూడింటికీ పెద్దగా లొంగదు. దాన్ని మీరే, నమూనా ఏరేటప్పుడే, పక్కన పెట్టాలి.

అందుకని మట్టిని పంపకండి, మట్టిలోంచి ఏరి పంపండి. 250 మైక్రాన్ల జల్లెడలో శుభ్రమైన నీటితో కడిగి, మిగిలినదాన్ని 10 లేదా 20 రెట్ల లెన్సు కింద చూడండి. కట్టెబొగ్గులో కట్టె నాళాలు చిన్న చిన్న రంధ్రాల్లా వరుసగా కనిపిస్తాయి, ముక్క తేలిగ్గా ఉంటుంది, గిల్లితే పొడవుతుంది. రాక్షసి బొగ్గు బరువుగా ఉంటుంది, విరిగిన చోట గాజులా మెరుస్తుంది, రంధ్రాలు కనబడవు. కట్టెబొగ్గు కంటే మేలైనవి మాడిన వడ్ల గింజ, రేగు గింజ, తుమ్మ గింజ. గింజ ఒక్క పంటకాలానిది. టేకు దుంగ నడిమి చేవ నుంచి వచ్చిన బొగ్గయితే, నిప్పు పెట్టిన రోజుకే దానికి వంద, రెండు వందల ఏళ్లు ఉండొచ్చు.

నత్తగుల్లలు సులువుగా దొరుకుతాయని వాటి జోలికి పోవద్దు. మంచిర్యాల, ఆదిలాబాద్ సున్నపురాయి నేలల మీదుగా వచ్చే నీళ్లలో రాతి కార్బన్ కరిగి ఉంటుంది. నత్త దాంతోనే గుల్ల కట్టుకుంటుంది, నిన్న చచ్చిన నత్తకు కూడా వందల ఏళ్ల వయసు రావచ్చు.

ఎంత పంపాలి? ఏఎంఎస్ పద్ధతికి (యాక్సిలరేటర్ యంత్రంతో రేడియోకార్బన్‌ను లెక్కపెట్టే పద్ధతి) చివరికి కావలసింది ఒక మిల్లీగ్రాము కార్బన్. ఆరిన శుభ్రమైన బొగ్గో గింజో 10 నుంచి 20 మిల్లీగ్రాములుంటే చాలు, అంటే ఒక బియ్యం గింజంత. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ ఈ పని చేస్తాయి.

తీసే తీరు కూడా తేడా తెస్తుంది. శిఖం నడుమ గుంత తవ్వి, గోడను కనీసం 5 సెంటీమీటర్లు గీకి పారేసి, లోపలి తాజా ముఖం నుంచి స్టీలు తాపీతో కింది నుంచి పైకి తీయండి. పై నుంచి తీస్తే రాలిన మట్టి కింది పొర మీద పడుతుంది. అల్యూమినియం రేకులో చుట్టి, ఆపైన పాలిథీన్ కవరులో పెట్టండి. దూది, కాగితం చీటీ, గుడ్డ లోపల పెట్టకండి, అవన్నీ నేటి కార్బనే. ముక్క విరిగిందని ఫెవికాల్ అంటించకండి. తడిగా మూటగట్టి వారం వదిలేస్తే బూజు పట్టి కొత్త కార్బన్ చేరుతుంది. అదే రోజు 40 నుంచి 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. రేగడి నేలయితే పగుళ్లు చూసుకోండి. ఎండకాలంలో మీటరు లోతు దాకా నెర్రెలు బారి, పైనున్న గింజ నేరుగా కిందికి జారుతుంది. ఫలితం ఆధునికం అని వచ్చిందంటే చాలావరకు వేరో, నెర్రెలో పడిన గింజో కారణం.

చెరువు ఎప్పుడు కట్టారో కావాలంటే ఒక్క నమూనా చాలదు. మెత్తటి నల్లటి పూడిక ఆగిపోయి గట్టి మొరం మొదలయ్యే గీటు వెతకండి. గీటుకు 2 సెంటీమీటర్ల పైన ఒకటి, కింద ఒకటి తీయండి. కిందిది చెరువుకు ముందుది, పైది తర్వాతది. కట్టిన కాలం ఈ రెంటి నడుమ ఉంటుంది. కింది బొగ్గునే చెరువు వయసుగా రాసిన రిపోర్టులు బోలెడు. అది కట్ట కట్టకముందు అడవి కాల్చినప్పటిది కావచ్చు.

రిపోర్టు వచ్చాక ఇంకో తప్పు జరుగుతుంది. 850 ± 30 బీపీ అని ఉంటే 2025లోంచి 850 తీసేసి 1175 అంటారు. బీపీ అంటే 'ఇప్పటికి ఇన్నేళ్ల ముందు' అని, ఆ లెక్కలో 'ఇప్పుడు' అంటే 1950. పోనీ 1950లోంచి తీసినా వచ్చే 1100 కూడా తప్పే, ఎందుకంటే గాలిలో రేడియోకార్బన్ ఎప్పుడూ ఒకేలా లేదు. ఇంట్‌కాల్20 అనే, రేడియోకార్బన్ ఏళ్లను మామూలు ఏళ్లకు మార్చే వక్రరేఖతో సరిచేస్తే అది సుమారుగా 12వ శతాబ్ది మధ్య నుంచి 13వ శతాబ్ది మధ్య దాకా వస్తుంది. సరిచేయకుండా 1100 రాసేస్తే స్వతంత్ర కాకతీయుల చెరువు కల్యాణి చాళుక్యుల ఖాతాలో పడుతుంది. ఇంకొకటి, 1650 తర్వాతి వాటికి ఈ పద్ధతి వద్దు. ఆ వక్రరేఖ అక్కడ మెలికలు తిరుగుతుంది, ఒకే సంఖ్యకు మూడు నాలుగు కాలాలు సరిపోతాయి. గత నూరు, నూటయాభై ఏళ్లకు సీసం-210, అణుపరీక్షల ధూళి ఎక్కువగా పడిన 1963 గుర్తుకు సీజియం-137 వాడండి.

మిగతావి త్వరగా.

అపోహ: గుడి రాయికి, రాతిగా మారిన కట్టెకు, రాక్షసబల్లి బొక్కకు కార్బన్ డేటింగ్ చేయించవచ్చు. ఈ పద్ధతి హద్దు దాదాపు 50 వేల ఏళ్లు. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లి జురాసిక్ కాలానిది. కోట్ల ఏళ్ల ఎముకకు 1 శాతం నేటి కార్బన్ అంటుకుంటే యంత్రం 37 వేల ఏళ్లు అంటుంది, అది ఎముక వయసు కాదు, చేతి మురికి. రామప్ప గుడికి 1213 అన్నది శాసనం చెప్పింది, రాయి కాదు.

అపోహ: లోతు ఎంతో వయసు అంత. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి ఒక్క రోజు జానెడు ఇసుక పరుస్తుంది. మరోపక్క మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో పైపొరలే లేవు. మీటరుకు కనీసం మూడు తేదీలు లేకుండా మధ్యలో గీతలు గీయకండి. జేసీబీ ఎక్కడెక్కడ తవ్విందో ముందు నీరటి కాడిని (చెరువు నీళ్లు వదిలే మనిషిని) అడగండి.

అపోహ: కార్బన్-13 విలువ పెరిగిందంటే కరువే. కార్బన్-13 అంటే మామూలుదానికంటే కాస్త బరువైన కార్బన్; దాని పాలు ప్రమాణం కంటే వెయ్యికి ఎంత తేడాగా ఉందో ఈ విలువ చెబుతుంది. వరి మైనస్ 27 దగ్గర, జొన్న మైనస్ 12 దగ్గర ఉంటాయి. ఎగువ రైతులు పంట మార్చినా విలువ కదులుతుంది. పుప్పొడి, ఇసుక రేణువుల సైజు కూడా అదే మాట చెబితేనే కరువనండి.

అపోహ: వాతావరణం ఎప్పుడూ మారేదే, ఇప్పుడు భయమెందుకు? గత మంచుయుగం ముగిసేటప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడు పది లక్షల పాళ్లకు 180 నుంచి 260 దాటి పెరగడానికి వేల ఏళ్లు పట్టింది. పరిశ్రమలకు ముందు 280 ఉన్నది ఇప్పుడు 420 దాటింది, అదీ రెండు వందల ఏళ్ల చిల్లరలో.

ఇక ఊరివాళ్ల భయం. గుప్తనిధుల పుకారు దయచేసి నమ్మకండి. పూడికలో దిగేది 5, 6 సెంటీమీటర్ల పైపు, లేదంటే తవ్వేది ఒక గుంత, పైకి వచ్చేది బురద. అది సర్వే కాదు, పట్టాకూ శిఖం హద్దుకూ దానితో ఏ సంబంధమూ లేదు. వచ్చినవాళ్లను అనుమతి కాగితం చూపించమని అడగండి, అడగడం మీ హక్కు. గుంతను ఆ రోజే పూడ్చమనండి. వానకాలంలో నీళ్లు నిండాక అది కనబడదు, బర్రెలు అందులో దిగబడతాయి.